కండబలం.. గుండెకు అండ

* బైపాస్, స్టెంటు తర్వాత శాశ్వత విశ్రాంతి తగదు
* వైద్యుల అనుమతితో కొలత ప్రకారం బరువులు ఎత్తితే మేలు
* మహిళలకూ ఈ సాధన అంతే అవసరం

చంద్రగిరి: చంద్రగిరి మండలం శ్రీనివాసమంగాపురం దాటాక శ్రీవారి మెట్టు మార్గం మొదలవుతుంది. అక్కడి నుంచి తిరుమలకు దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే అయినా ఎక్కవలసిన మెట్లు 2,388. ఇంట్లో ఎవరికైనా గుండెపోటు వస్తే, గండం గడిచాక కాలినడకన కొండకు వస్తామని మొక్కుకోవడం ఈ ప్రాంతంలో మామూలు. రోగి ఆస్పత్రి నుంచి క్షేమంగా ఇంటికి చేరతాడు. మొక్కుకున్న ఆ కుటుంబమే మరునాటి నుంచి అతడిని బకెట్టు నీళ్లు కూడా ఎత్తనివ్వదు. నెలలు గడిచినా మంచం, కుర్చీ తప్ప మరో చోటు ఉండదు. ఏడాది తిరిగేసరికి గుండె కుదుటపడినా, కాళ్లు మాత్రం పది మెట్లకే వణుకుతాయి.

గుండెజబ్బు నుంచి కోలుకుంటున్నవారికి నడక మంచిదన్న సంగతి ఇప్పుడు దాదాపు అందరికీ తెలుసు. అయితే కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం కూడా చికిత్సలో భాగమన్న విషయం చాలామందికి తెలియదు. 'బరువు ఎత్తకూడదు' అని ఆస్పత్రిలో చెప్పిన మాటకు ఒక గడువు ఉంటుంది. ఇంటికి వచ్చాక ఆ గడువు మరుగునపడి, మాట ఒక్కటే మిగిలిపోతోంది. అసలు నష్టం అక్కడే మొదలవుతోంది.

మంచం చేసే చేటు

గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం దిగనివ్వకపోవడం ఒకప్పుడు వైద్యంలోనే ఆచారం. 1952లో అమెరికా వైద్యులు శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ ఆ పద్ధతిని ప్రశ్నించారు. రోగులను తొలి రోజుల్లోనే కుర్చీలో కూర్చోబెట్టి, దానివల్ల కీడు జరగకపోగా మేలు కలుగుతోందని చూపారు. కుర్చీలో కూర్చోబెట్టడమే ఆనాడు సాహసంగా కనిపించింది.

విశ్రాంతి శరీరాన్ని ఎంతగా కుంగదీస్తుందో 1966లో డల్లాస్ నగరంలో జరిగిన పరిశోధన తేల్చింది. ఇరవై ఏళ్ల వయసున్న అయిదుగురు యువకులను మూడు వారాలు పూర్తిగా మంచానికే పరిమితం చేశారు. ఏ జబ్బూ లేని ఆ యువకుల్లో శ్రమ సమయంలో శరీరం ప్రాణవాయువును వినియోగించుకునే శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత 1996లో వారినే మళ్లీ పరీక్షించారు. అప్పటికి వారు యాభయ్యో పడిలో ఉన్నారు. మూడు వారాల మంచం వారి శక్తిని తగ్గించినంతగా ముప్పై ఏళ్ల వయసు కూడా తగ్గించలేదని తేలింది. ఆరోగ్యవంతులైన యువకుల సంగతే ఇలా ఉంటే, అరవై ఏళ్ల హృద్రోగిని నెలల తరబడి కదలనివ్వకపోతే ఏమవుతుందో ఊహించవచ్చు.

గుండెకు కండతో ఏమి పని?

ఒక బరువు గుండెకు ఎంత భారమన్నది ఆ బరువు ఎన్ని కిలోలన్న దానిమీద మాత్రమే ఆధారపడదు. ఎత్తే మనిషి శక్తిలో అది ఎంత భాగమన్నది ముఖ్యం. ఉదాహరణకు నీళ్లు నిండిన బిందె 12 కిలోలు ఉందనుకుందాం. ఒక వ్యక్తి గరిష్ఠంగా 15 కిలోలు మాత్రమే ఎత్తగలడు. అతడికి ఆ బిందె తన శక్తిలో 80 శాతం. అదే వ్యక్తి కొన్ని నెలల సాధనతో 24 కిలోలు ఎత్తగలిగితే, అదే బిందె సగం శక్తితో పైకి లేస్తుంది. బిందె మారలేదు, గుండె కూడా అదే. కాని ఎత్తేటప్పుడు రక్తపోటు, నాడి మునుపటంత పెరగవు. గుండె మీద పడే భారంలో కొంత కండరం పంచుకున్నట్లే లెక్క.

మరో లాభం మధుమేహానికి సంబంధించింది. భోజనం తర్వాత రక్తంలో చేరే చక్కెరలో ఎక్కువ భాగాన్ని వాడుకునేవి, నిల్వ చేసుకునేవి కండరాలే. కండ తగ్గితే ఆ చక్కెరకు చోటు తగ్గుతుంది. గుండెజబ్బు, మధుమేహం రెండూ ఉన్నవారికి ఈ వ్యాయామం రెండు విధాలా అక్కరకు వస్తుంది. తూలి పడిపోయే ముప్పు తగ్గడం, ఎముకలు గట్టిపడటం, ఒకరి సాయం లేకుండా లేచి తిరగగలననే ధైర్యం కలగడం అదనపు ప్రయోజనాలు.

వయసు మీరిందన్న సందేహమూ అక్కర్లేదు. 1990లో అమెరికాలోని ఒక వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్ల వయసున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల సాధన చేయించారు. వారి కాలి బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. కండరానికి నేర్చుకునే గుణం చివరిదాకా ఉంటుందని ఆ ప్రయోగం చాటింది.

శాస్త్రం ఏమంటోంది?

హృద్రోగులకు బరువుల సాధన ప్రమాదకరమన్న భయం 1980ల వరకు వైద్యుల్లోనూ ఉండేది. పర్యవేక్షణలో తేలికపాటి బరువులతో చేయించి చూశాక ఆ భయం క్రమంగా తొలగింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2000లో ఈ వ్యాయామంపై ప్రత్యేక సూచనలు వెలువరించింది. 2007లోను, మళ్లీ 2023లోను వాటిని సవరించింది. బలాన్ని పెంచే వ్యాయామాలు చేసే పెద్దల్లో మరణాల ముప్పు, చేయనివారితో పోలిస్తే సుమారు 15 శాతం తక్కువగా ఉన్నట్లు 2023 నాటి ప్రకటన పేర్కొంది. గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు సుమారు 17 శాతం తక్కువ. వారానికి మొత్తం మీద 30 నుంచి 60 నిమిషాల సాధనకే ఈ మేలు ఎక్కువగా కనిపించింది. ఇవి సాధారణ ప్రజలను పరిశీలించి వేసిన అంచనాలు. ఇప్పటికే జబ్బు చేసినవారికి ఇదే లెక్క అక్షరాలా వర్తిస్తుందని భావించరాదు.

గుండెజబ్బు వచ్చినవారి విషయంలో వేరే ఆధారాలు ఉన్నాయి. వ్యాయామంతో కూడిన పునరావాస చికిత్సపై జరిగిన 85 అధ్యయనాలను, వాటిలోని 23 వేల మందికి పైగా రోగుల వివరాలను కాక్రేన్ సంస్థ 2021లో క్రోడీకరించింది. ఈ చికిత్స పొందినవారిలో గుండెజబ్బు మరణాలు, తిరిగి ఆస్పత్రి పాలుకావడం తగ్గినట్లు తేల్చింది. మన దేశంలో 24 ఆస్పత్రుల్లో దాదాపు నాలుగు వేలమంది గుండెపోటు రోగులపై యోగా ఆధారిత పునరావాస అధ్యయనం జరిగింది. దాని ఫలితాలు 2020లో ప్రచురితమయ్యాయి. మళ్లీ గుండెపోటు రావడం, మరణాలు స్పష్టంగా తగ్గినట్లు అది నిరూపించలేకపోయినా, యోగా చేసినవారు తమ ఆరోగ్యం మెరుగైందని చెప్పారు. పాత పనులకు తిరిగి మళ్లడంలోనూ ముందున్నారు. ఆ అధ్యయనంలో పాల్గొన్నవారిలో అత్యధికులు పురుషులే కావడం గమనార్హం.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

గడువు అందరికీ ఒకటి కాదు. జరిగిన చికిత్సను బట్టి మారుతుంది. ఈ కింది లెక్కలు సాధారణ మార్గదర్శకాలు మాత్రమే. చికిత్స చేసిన వైద్యుడి మాటే అంతిమం.

* స్టెంటు వేయించుకుని, ఇతర చిక్కులు లేనివారు: కనీసం రెండు మూడు వారాల తర్వాత. ఆలోగా నడక అలవాటు కావాలి.
* గుండెపోటు వచ్చినవారు: కనీసం అయిదు వారాల తర్వాత. వాటిలో నాలుగు వారాలు పర్యవేక్షణలో నడక వంటి వ్యాయామం చేసి ఉండాలి.
* బైపాస్ లేదా వాల్వు ఆపరేషన్ అయినవారు: కాళ్ల వ్యాయామాలకు గుండెపోటు వారి గడువే. చేతులు, ఛాతీకి సంబంధించిన బరువులు మాత్రం 8 నుంచి 12 వారాలు గడిచాకే.
* పేస్‌మేకర్ అమర్చుకున్నవారు: దానిని అమర్చిన వైపు చేతిని తొలి నాలుగు నుంచి ఆరు వారాలు భుజం కన్నా పైకి ఎత్తరాదు.

బైపాస్‌లో రొమ్ము ఎముకను నిలువునా కోసి, తిరిగి తీగలతో బిగిస్తారు. విరిగిన ఎముక అతికినట్లే అదీ అతకాలి. అందుకే తొలినాళ్లలో రెండు మూడు కిలోలకు మించి ఎత్తవద్దంటారు. నీళ్ల బిందె, మనవడిని చంకనెత్తుకోవడం, గట్టి తలుపు గుంజడం, ద్విచక్రవాహనం స్టాండు వేయడం అన్నీ ఈ నిషేధం కిందికే వస్తాయి. ఛాతీ ఎముకలో టిక్కుమన్న శబ్దం వచ్చినా, కదిలినట్లు అనిపించినా వెంటనే శస్త్రవైద్యుడికి చూపాలి. ఎముక పూర్తిగా అతికిందని వైద్యుడు చెప్పాక ఈ నిషేధం తొలగిపోతుంది. ఆ సంగతి రోగికే కాక ఇంటిల్లిపాదికీ తెలియాలి.

ఊపిరి బిగపట్టరాదు

ఈ వ్యాయామంలో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఊపిరికి సంబంధించింది. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టడం మనిషి సహజ స్వభావం. అలా చేసినప్పుడు ఛాతీలో ఒత్తిడి పెరిగి రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. 1985లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కండలు తిరిగిన వస్తాదుల ధమనిలో నేరుగా పరికరం అమర్చి కొలిచారు. కాళ్లతో భారీ బరువును నెట్టేటప్పుడు వారి రక్తపోటు సగటున 320/250కి చేరింది. ఆరోగ్యవంతులైన వస్తాదులు తట్టుకున్న ఆ ఒత్తిడిని దెబ్బతిన్న గుండె తట్టుకోలేదు. కనుకనే హృద్రోగులకు చెప్పే బరువులు తేలికగా, ఎక్కువసార్లు ఎత్తగలిగేవిగా ఉంటాయి.

ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. ఇది గుర్తుండకపోతే ఒక సులువైన మార్గం ఉంది. 'ఒకటి, రెండు, మూడు' అని పైకి లెక్కపెడుతూ చేయాలి. నోటితో లెక్కపెట్టే మనిషి ఊపిరి బిగపట్టలేడు.

ఇంట్లోనే సాధన

ఖరీదైన జిమ్ అవసరం లేదు. గట్టి కుర్చీ, గోడ, ఒక మెట్టు, రెండు నీళ్ల సీసాలు, రబ్బరు పట్టీ ఉంటే చాలు. అయితే తొలి కొన్ని విడతలు ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు సమక్షంలో నేర్చుకోవడం ఉత్తమం. మొదట అయిదు నుంచి పది నిమిషాలు నెమ్మదిగా నడిచి ఒళ్లు వేడెక్కించాలి. అనంతరం ఈ కింది వాటిని చేయవచ్చు.

* కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి, నెమ్మదిగా కూర్చోవడం
* గోడకు అడుగున్నర దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కు నెట్టడం
* కిటికీ చువ్వ పట్టుకుని మడమలు పైకెత్తి దించడం
* కుర్చీలో కూర్చుని ఒక్కొక్క కాలు ముందుకు చాచడం
* అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని మోచేయి మడవడం
* కిటికీకి కట్టిన రబ్బరు పట్టీని ఛాతీ వైపు లాగడం
* గోడ ఊతంతో ఒకే మెట్టు ఎక్కి దిగడం

ఒక్కొక్కటి 10 నుంచి 15 సార్లు, ఒక విడత చేస్తే సరిపోతుంది. ఒకదానికి మరొకదానికి మధ్య నిమిషంపాటు ఆగాలి. వారానికి రెండు లేదా మూడు రోజులు చాలు. వరుస రోజుల్లో చేయరాదు, మధ్యలో కనీసం ఒకరోజు కండరానికి విరామం ఇవ్వాలి. ముగించాక కూడా అయిదు నిమిషాలు నెమ్మదిగా నడవాలి. మిగతా రోజుల్లో మామూలు నడక కొనసాగించాలి. ఈ సాధన నడకకు తోడే గాని దానికి బదులు కాదు.

బరువును పెంచడానికీ ఒక లెక్క ఉంది. ఒకే బరువును 15 సార్లు శ్రమ లేకుండా రెండు మూడు రోజులు ఎత్తగలిగితే కొద్దిగా పెంచవచ్చు. ఇందుకు నీళ్ల సీసా చక్కని తూకం. లీటరు సీసాలో సగం నీళ్లతో మొదలుపెట్టి, ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు కలిపితే అన్ని గ్రాములు పెరిగినట్లే. తొందరపడి ఒకేసారి రెట్టింపు చేయరాదు.

శ్రమను ఎలా కొలవాలి?

చాలామంది నాడి పట్టుకుని లెక్కిస్తారు. హృద్రోగుల్లో ఎక్కువమంది మెటొప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ మందులు వాడుతుంటారు. ఇవి నాడిని పెరగనివ్వవు. అందువల్ల శ్రమ ఎక్కువైనా నాడి తక్కువగానే కనిపించి మోసం చేస్తుంది. దీనికి బదులు మాటను కొలబద్దగా తీసుకోవాలి. చేస్తూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే శ్రమ హద్దులోనే ఉన్నట్లు. మాట మధ్యలో తెగుతుంటే తగ్గించాలి. 'కొంచెం శ్రమగానే ఉంది, ఇంకా చేయగలను' అనిపించే స్థాయి సరైనది.

మందుల విషయంలో ఇతర జాగ్రత్తలూ ఉన్నాయి. ఇన్సులిన్, కొన్ని రకాల చక్కెర మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో వ్యాయామం చేస్తే చక్కెర పడిపోవచ్చు. నైట్రేట్ మాత్రలు, రక్తపోటు మందులు వాడేవారు ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగవచ్చు. వాల్వు మార్పిడి తర్వాత రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవారు దెబ్బ తగలకుండా చూసుకోవాలి. కొలెస్ట్రాల్ తగ్గించే మందులతో కండరాల నొప్పి విపరీతంగా ఉంటే వైద్యుడికి చెప్పాలి తప్ప మందు మానుకోరాదు.

వీరు చేయరాదు

విశ్రాంతిగా ఉన్నా ఛాతీనొప్పి వచ్చేవారు, రక్తపోటు అదుపులో లేనివారు, కాళ్లవాపు, ఆయాసంతో గుండె వైఫల్యం ముదిరినవారు, గుండె లయ అదుపు తప్పినవారు, బృహద్ధమని వాల్వు బాగా కుంచించుకుపోయినవారు ఈ సాధనకు దూరంగా ఉండాలి. ఆ స్థితి చక్కబడ్డాక వైద్యుడు అనుమతిస్తేనే ఆరంభించాలి.

చేస్తుండగా ఛాతీలో బిగుతు, దవడకో చేతికో పాకే నొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం, చల్లని చెమట, మితిమీరిన ఆయాసం కనిపిస్తే తక్షణం ఆపి కూర్చోవాలి. నాలుక కింద మాత్ర రాసిచ్చి ఉంటే వైద్యుడు చెప్పినట్లు వాడాలి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. ఓర్చుకుని పూర్తి చేద్దామనుకోవడం ప్రాణాంతకం.

ఇంటిపనే చాలదా?

గుండెజబ్బు నుంచి కోలుకుంటున్న మహిళలకు ఎదురయ్యే చిక్కు వేరు. మగవారికి అతి విశ్రాంతి శత్రువైతే, ఆడవారికి అసలు విశ్రాంతే దొరకదు. ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే వంటగదిలోకి అడుగుపెట్టే ఇల్లాళ్లు ఎందరో. 'రోజంతా పని చేస్తూనే ఉంది, ఇంకా వ్యాయామం ఎందుకు?' అన్న ప్రశ్న ఇక్కడినుంచే పుడుతుంది.

ఇంటిపనికి, సాధనకు తేడా ఉంది. ఇంటిపనిలో గంటల తరబడి నిలబడటం, వంగడం ఉంటాయి. అవి అలసటను ఇస్తాయి, బలాన్ని పెద్దగా ఇవ్వవు. అంతలోనే గ్యాస్ సిలిండర్ జరపవలసి వస్తుంది. 14.2 కిలోల గ్యాసుతో, ఖాళీ సిలిండర్ బరువుతో కలిపి అది 30 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. సిద్ధంగా లేని శరీరంపై అంత భారం హఠాత్తుగా పడుతుంది. సాధనలో అలా కాదు. బరువు తెలుసు, ఎన్నిసార్లో తెలుసు, మధ్యలో విరామం ఉంది. నెలనెలా కొద్దికొద్దిగా పెరుగుతుంది.

నెలసరి ఆగిన తర్వాత మహిళల్లో కండ, ఎముక రెండూ వేగంగా తరుగుతాయి. కనుక ఈ వ్యాయామం అవసరం వారికే మరింత ఎక్కువ. కండలు తిరుగుతాయన్న జంకు అక్కర్లేదు. ఇంత తేలిక బరువులతో ఆకారం మారదు. కావలసిందల్లా వారంలో రెండు రోజులు, రోజుకు అరగంట. ఆ అరగంట పొయ్యి దగ్గర మరొకరు నిలబడితే, మందులు కొనిచ్చినంత సాయం చేసినట్లే.

అడిగి తెలుసుకోవాలి

2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో పేద కుటుంబాలకు సైతం స్టెంట్లు, బైపాస్ ఆపరేషన్లు అందుబాటులోకి వచ్చాయి. ఇప్పుడా పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా కొనసాగుతోంది. చంద్రగిరి వాసులకు కూతవేటు దూరంలోని తిరుపతిలో 1993 నుంచి శ్రీవేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ స్విమ్స్ ఉంది. అక్కడ హృద్రోగ విభాగంతోపాటు ఫిజియోథెరపీ కళాశాల కూడా నడుస్తోంది. ఆపరేషన్ వరకు బాట సుగమమైంది. ఆ తర్వాతి నెలలే రోగి చేతిలో, కుటుంబం చేతిలో ఉన్నాయి.

మరోసారి పరీక్షకు వెళ్లినప్పుడు మందుల చీటీతోపాటు నాలుగు విషయాలు అడిగి రాయించుకోవాలి. బరువు ఎత్తరాదన్న నిషేధం ఏ తేదీ వరకు? ఇప్పుడు ఎన్ని కిలోల వరకు ఎత్తవచ్చు? ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా? వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు ఎక్కడ ఉంటారు? ఈ నాలుగింటికి జవాబు దొరికితే ఇంట్లో సగం భయం తీరుతుంది.

ఇక మొక్కు సంగతి. గుండెజబ్బు ఉన్నవారు కాలినడకన కొండ ఎక్కవద్దని తిరుమల తిరుపతి దేవస్థానం సూచిస్తూ వస్తోంది. దానిని పాటించవలసిందే. మెట్టు ఎక్కిన ప్రతిసారీ మనిషి తన మొత్తం బరువును తానే పైకి ఎత్తుకుంటాడు. అలా 2,388 సార్లు ఎత్తుకోవడం కోలుకుంటున్న గుండెకు తగని పని. బస్సులో వెళ్లినా దర్శనం అవుతుంది. ఇంటి ముందరి ఒక్క మెట్టును ఈ వారం పదిసార్లు, వచ్చే నెల పదిహేను సార్లు ఆయాసం లేకుండా ఎక్కి దిగగలిగితే మాత్రం, ఆ మనిషి ఒకరి చేయి పట్టుకోకుండా తన పనులు తాను చేసుకునే రోజు దగ్గరపడినట్లే.